చేగోడికి తోడు కావాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం డాలస్ దగ్గర ఉంటాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల మా అమ్మాయి. నాలుగేళ్ల కిందట ఒక బాల్ పైతాన్‌ని, అంటే చిన్న జాతి కొండచిలువని, తెచ్చుకున్నాం. మగది. చుట్ట చుట్టుకుని పడుకుంటే అచ్చం చేగోడిలా ఉంటాడని ఆ పేరే పెట్టాం. మొదట్లో గది గుమ్మం దాటి లోపలికి రాని మావారే ఇప్పుడు రోజూ వాడి గిన్నెలో నీళ్లు మారుస్తున్నారు. సమస్య ఏమిటంటే, నవంబరు రెండో వారం నుంచి చేగోడి ఏమీ తినడం లేదు. ఎలుకను చూపిస్తే నాలుక రెండుసార్లు ఆడించి తల తిప్పేసుకుంటున్నాడు. మూడు నెలలు దాటింది. అప్పుడు 1,450 గ్రాములు ఉండేవాడు, నిన్న తూస్తే 1,390. ఒంటరిగా ఉండి బెంగ పెట్టుకున్నాడని, ఇంకో పాము తెస్తే హుషారు వస్తుందని మా అమ్మాయి అంటోంది. వచ్చే నెల మా ఊళ్లో రెప్టైల్ ఎక్స్‌పో (పాములు, బల్లుల్లాంటివి అమ్మే ప్రదర్శన) ఉంది. రాబోయే దానికి ‘జంతిక’ అని పేరు కూడా పెట్టేసింది. మావారేమో ఒకటి చాలు అంటారు. ఏప్రిల్‌లో మా అత్తగారు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఆవిడ నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనిషి, శుద్ధ శాకాహారి. మా ఫ్రీజర్‌లో ఎలుకలు ఉన్నాయని ఆవిడకు ఇంకా తెలియదు. పైగా మాది హెచ్-1బి, గ్రీన్ కార్డు ఇప్పట్లో వచ్చేలా లేదు. రెండోది తెచ్చుకోమంటారా? తెస్తే రెండిటినీ ఒకే ట్యాంకులో ఉంచొచ్చా? దాచడం ఎందుకు, నాకూ ఇంకోటి కావాలనే ఉంది.

జవాబు: 1,450 లోంచి 1,390 తీసేస్తే అరవై గ్రాములు. మూడు నెలల ఉపవాసంలో చేగోడి ఒంట్లోంచి పోయింది ఒక కోడిగుడ్డంత బరువు. నూటికి నాలుగు వంతులు. వాడు ఎదిగిన మగ బాల్ పైతాన్, ఇది చలికాలం. ఈ జాతికి ఇది జతకట్టే కాలం కూడా. ఈ రోజుల్లో మగవి నెలల తరబడి తిండి ముట్టకపోవడం పెంచేవాళ్లందరికీ అనుభవమే. మా ఇంట్లో ఆడది ఉంది, రాజమ్మ. అదే ఒక ఏడాది అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా నోరు తెరవలేదు. ఆ ఆరు నెలల్లో నేను తగ్గినంత బరువు అది తగ్గలేదు.

కాబట్టి ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. రెండు వారాలకోసారి తూచి, తేదీ వేసి ఓ కాగితం మీద రాయండి. తగ్గుదల నూటికి పది దాటితే, అంటే మీవాడి విషయంలో 1,305 కన్నా కిందకు పోతే, పాముల్ని చూసే వెట్ దగ్గరకు తీసుకెళ్లండి. నోటి దగ్గర నురగ, ఊపిరి తీస్తుంటే ఈల లాంటి చప్పుడు, తల పైకెత్తి నోరు తెరుచుకుని కూర్చోవడం, వీటిలో ఏది కనిపించినా బరువు సంగతి చూడకుండా ఆ రోజే వెళ్లాలి. ఈలోగా ట్యాంకులో వెచ్చటి వైపు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, చల్లటి వైపు 78 దగ్గర ఉందో లేదో చూడండి. గాజుకు అంటించిన గుండ్రటి మీటరును నమ్మొద్దు, వాడు పడుకునే చోట పెట్టే ప్రోబ్ ఉన్నదాంతో చూడాలి. ఇంట్లో హీటర్ తిరిగే రోజుల్లో గాలి ఎండిపోయి ట్యాంకులో తేమ బాగా పడిపోతుంది. తేమ నూటికి అరవైకి అటూ ఇటూగా ఉండేలా చూసుకోండి.

ఇక బెంగ సంగతి.

బాల్ పైతాన్ సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల పొలాల్లో, గడ్డి మైదానాల్లో ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ పగలంతా పడుకుని చీకటి పడ్డాక బయటికొస్తుంది. అంటే మీ అత్తగారు పాలు పోసే పుట్ట లాంటిదే వాడి పుట్టిల్లు కూడా. ఆ పుట్టలో వాడు కోరుకునేది వెచ్చదనం, చీకటి, ఒంటికి నాలుగు వైపులా ఆనుకునే గోడ. తోడు అందులో లేదు. పాములన్నీ ఇలాగే ఉంటాయని అనను. ఉత్తర అమెరికాలో గార్టర్ స్నేక్ అని ఉంది, అది చలికాలంలో గుంపులుగా ఒకే కలుగులో ఉంటుంది. కొన్ని గార్టర్లు తమకు నచ్చిన వాటి పక్కనే చేరతాయని 2020లో కెనడా పరిశోధకులు రాశారు కూడా. కానీ మీ చేగోడి గార్టర్ కాదు. వాడి ట్యాంకులో ఇంకో పామును పెడితే వాడికి అర్థమయ్యేది ఒకటే: నా చోటులోకి ఎవరో వచ్చారు.

రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్న ఫొటోలు ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. ప్రేమగా కౌగిలించుకున్నట్టే కనిపిస్తాయి. అక్కడ జరిగేది, ఉన్న ఒక్క వెచ్చటి చోటు కోసం రెండూ ఎగబడటం. బలమైనది కింద వేడి మీద ఉంటే రెండోది దాని మీద సర్దుకుంటుంది. మన ప్యాసింజర్ రైల్లో కిటికీ సీటు గొడవ లాంటిదే, అరుపులు ఉండవంతే. ఒక ట్యాంకులో రెండుంటే తిన్న ఎలుకను కక్కింది ఏదో, రెట్టలో నెత్తురు పడింది దేనికో తెలియదు. రెండోది ఎదిగిన ఆడదైతే ఏడాది తిరగకుండా మీ ఇంట్లో గుడ్లుండొచ్చు. జంతిక ఒక్కటే అనుకుంటే ఆరేడు పకోడీలు కూడా వస్తాయన్నమాట. ఒకే ట్యాంకు అన్న ఆలోచన పూర్తిగా మానుకోండి.

చేగోడి కోసమైతే రెండో పాము వద్దు. మీ ఆఖరి వాక్యం ఉంది చూశారా, ‘నాకూ ఇంకోటి కావాలనే ఉంది’ అని, దాని గురించి మాట్లాడుకుందాం. అందులో తప్పేమీ లేదు. నాకు రెండోది వచ్చింది కూడా ఆ కోరికతోనే. అయితే నేను దాన్ని తెచ్చిన తీరు మాత్రం మీరు చేయకూడదు.

రాజమ్మ వచ్చిన మూడేళ్లకు నేనో ఎక్స్‌పోకి వెళ్లాను. ‘ఊరికే చూసొద్దాం’ అని బయల్దేరిన మనిషిని ఎనభై డాలర్లు పెట్టి ఒక కార్న్ స్నేక్ పిల్లను డబ్బాలో పట్టుకుని వచ్చాను. మిరపపండు రంగు, పెన్సిలంత లావు. మిరపకాయ్ అనే పిలిచేవాళ్లం. వేరే ట్యాంకే పెట్టాను, అంతవరకు బుద్ధి ఉంది. కానీ అదే గదిలో, అదే బల్ల మీద, రాజమ్మ పక్కనే. ఎలుకను పట్టి ఇచ్చే పట్టకారు కూడా ఇద్దరికీ ఒకటే. మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున చూస్తే రాజమ్మ నీళ్ల గిన్నెలో చుట్టుకుని కూర్చుని ఉంది. సాయంత్రం చూసినా అక్కడే. దాన్ని తీసి గిన్నె అడుగు చూశాను. గసగసాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. కొన్ని ఇంకా కదులుతున్నాయి. చేయి చూసుకుంటే వేళ్ల సందులో రెండు పాకుతున్నాయి.

అవి పాము పేలు, మైట్స్ అంటారు. పొలుసుల కింద, కంటి చుట్టూ దూరి రక్తం పీలుస్తాయి. మందు వేసి, కింద పరిచిన కొబ్బరి పొట్టంతా పారేసి, ట్యాంకు మూలమూలా కడిగి, పేపర్ టవళ్లు పరిచి, వారానికోసారి మళ్లీ ఇదంతా చేస్తూ నాకు రెండు నెలలు పట్టింది. వెట్ ఖర్చు మిరపకాయ్ ఖరీదుకు రెండింతలైంది. పోనీ, మా ఇంట్లో గొడవ పేలతోనే ఆగింది. పైతాన్లకు సెర్పెంటోవైరస్ అని ఒకటుంది, ఊపిరితిత్తులకు పడుతుంది, దానికి మందు లేదు. చూడటానికి నిగనిగలాడుతున్న పాము కూడా దాన్ని మోస్తూ ఉండొచ్చు. అలాంటిది ఇంట్లోకొస్తే పోయేది కొత్తది కాదు, నాలుగేళ్లుగా పెంచుకున్న మీ చేగోడి.

అందుకే ఎప్పుడు తెచ్చినా మూడు నెలలు వేరే గది. మీ ఇంట్లో అలాంటి గది ఉందా? ఏప్రిల్ నుంచి అది మీ అత్తగారి గది అవుతుందేమో చూసుకోండి. వేరే పట్టకారు, వేరే గిన్నె, కింద తెల్ల పేపర్ టవళ్లే పరచాలి, నల్లచుక్క వెంటనే కనిపించేలా. రోజూ ముందు చేగోడి పని ముగించి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరకు వెళ్లాలి. ఎప్పుడూ అటు నుంచి ఇటు రాకూడదు. ఈ మూడు నెలల్లో ఒకసారి రెట్ట పరీక్ష, పైతానే అయితే వైరస్ కోసం నోట్లో స్వాబ్ పరీక్ష కూడా చేయించండి.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పను, మీరు లెక్క వేసుకోగలరు. పాము ఎప్పుడూ చవకే. ట్యాంకు, హీటర్, థర్మోస్టాట్, దాక్కునే డబ్బాలు అన్నీ కలిపితే మిరపకాయ్‌కి నాకు నాలుగు వందల డాలర్లు దాటింది. థర్మోస్టాట్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు, అది లేని హీట్ మ్యాట్ మీద పొట్ట కాల్చుకున్న పాములను చూశాను.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది 2021 ఫిబ్రవరి గురించి. మీరు అప్పటికి టెక్సస్‌లో ఉన్నారో లేదో. మేం ఆస్టిన్ దగ్గర ఉండేవాళ్లం. మంచు తుపానుకు రాష్ట్రమంతా లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మాకు మూడు రోజులు లేదు. రెండో రోజు రాత్రికి ఇంట్లో 46 డిగ్రీల ఫారెన్‌హీట్. మనుషులమైతే రగ్గులు కప్పుకుంటాం, పాముకు రగ్గు కప్పినా లాభం లేదు, దాని ఒంట్లో వేడి పుట్టదు కదా. గ్యాస్ స్టవ్ పనిచేసేది కాబట్టి నీళ్లు మరిగించి సీసాల్లో పోసి, తువ్వాళ్లు చుట్టి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి, దాంట్లో ఇద్దరినీ వేర్వేరు దిండు గలీబుల్లో మూతి కట్టి ఉంచాం. రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి. తెల్లవారుజామున మా ఇద్దరికీ ఓపిక అయిపోయింది. నేను మిరపకాయ్ గలీబును స్వెటర్ లోపల పెట్టుకున్నాను. అప్పటిదాకా ఒక్కసారైనా పామును ముట్టుకోని మావారు ఏమీ మాట్లాడకుండా రాజమ్మను జాకెట్‌లో వేసుకుని జిప్పు పెట్టుకున్నారు. సోఫాలో అలాగే కూర్చుని పొద్దు పొడిచేదాకా ఉన్నాం. ‘ఇది కదులుతోందే’ అంటారు కాసేపటికోసారి. కదలకపోతే కదా భయపడాల్సింది!

ఇద్దరు మనుషులం, రెండు పాములు, సరిపోయింది. మూడోది కావాలని నేను మళ్లీ ఎప్పుడూ అనుకోకపోవడానికి ఆ రాత్రే కారణం. మీ ఇంట్లో అలాంటి రాత్రి రెండో గలీబు ఎవరి జాకెట్‌లో ఉంటుంది? మీవారు ఒకటి చాలు అంటున్నారంటే దాన్ని మొండితనం అనుకోకండి. నీళ్లు మార్చేది ఆయనే కాబట్టి ఆయన మాటకు బరువుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఆయనకూ అమ్మాయికీ మధ్య మీరు నలుగుతున్నారని తెలుస్తోంది. ఆయన ‘సరే, నీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. ‘నెల రోజులు నువ్వు ఇండియా వెళ్తే రెండిటినీ నేను చూస్తాను’ అంటే ఒప్పుకున్నట్టు.

ఇండియా మాట వచ్చింది కాబట్టి, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన వీసా సంగతికి వస్తాను. సెయింట్ లూయిస్ జూలోని ఒక బాల్ పైతాన్ సంగతి చెబుతాను. 1961లో ఎవరో పెంచుకున్నాయన దాన్ని జూకి ఇచ్చారు. 2020 జులైలో, అరవై ఏళ్లు దాటిన వయసులో, అది ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి కనీసం పదిహేనేళ్లుగా మగ పాము మొహం చూడలేదు. అది మరీ అరుదు అనుకున్నా, ఇంట్లో సరిగ్గా చూసుకుంటే బాల్ పైతాన్ ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై. మీ వీసా ఎన్నేళ్లది?

ఉద్యోగం పోతే అరవై రోజుల్లో తేల్చుకోవాల్సిన బతుకులు మనవి. ఇండియాకు మకాం మార్చేవాళ్లు సామానుతో పాటు తెచ్చుకోవచ్చని అక్కడి నిబంధనలు ఒప్పుకునేవి కుక్కలూ పిల్లులే. అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో బాల్ పైతాన్ ఉంది, అంటే ఏ దేశం సరిహద్దు దాటాలన్నా ఎగుమతి పర్మిట్ కావాలి. ఇండియా వైపు దిగుమతి అనుమతులు వేరే. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ఇలాంటి విదేశీ జాతులను కూడా దాని కిందకు తెచ్చారు. 2024 నిబంధనల ప్రకారం పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇవన్నీ దాటి ఒక పామును హైదరాబాద్ చేర్చిన తెలుగువాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. (ఈ శీర్షిక చదివి మన దగ్గర జెర్రిపోతునో, రెండు తలల పామునో పెంచుకోవచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. వద్దు. మన దేశపు పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 చట్టం కింద నేరం, జైలు కూడా ఉంది.)

అందుకని రెండోదాని కన్నా ముందు మీకు కావాల్సింది ఒక మనిషి. ‘మీరు వెళ్లిపోవాల్సి వస్తే చేగోడిని నేను తీసుకుంటాను’ అని చెప్పే మనిషి. ఉన్న ఒక్కదానికే అలాంటి మనిషి దొరక్కపోతే రెండోది ఎలా తెస్తారు? వదిలేద్దాంలే అని మాత్రం ఎవరూ అనుకోకూడదు. డాలస్ చలికి ఆఫ్రికా పాము బతకదు. బతికే చోట వదిలితే ఏమవుతుందో ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో అక్కడి జంతువులను తినేస్తూ పెరిగిపోయిన బర్మీస్ పైతాన్లు చూపించాయి.

అత్తగారి విషయం నాకు సరదాగా ఉంది, మీకు కాకపోవచ్చు. ఫ్రీజర్‌లో మునగాకు ప్యాకెట్ల వెనక ఐస్‌క్రీమ్ డబ్బాలో ఎలుకలు పెట్టి ఆరు నెలలు దాచగలననుకుంటే అది జరగని పని. ఆవిడ వచ్చిన మూడో రోజే ఫ్రీజర్ సర్దుతారు. చిన్న ఫ్రీజర్ ఒకటి కొని గ్యారేజీలో పెట్టండి, పాము పని అంతా అక్కడే. విషయం ఆవిడ విమానం ఎక్కకముందే చెప్పాలి. ఆ మాట కోడలు కాదు, కొడుకు చెప్పాలి. మా అమ్మ వచ్చినప్పుడు మొదటి శుక్రవారమే రాజమ్మ ట్యాంకు అద్దానికి బయటి నుంచి పసుపు, కుంకుమ పెట్టింది. నేనేమీ అనలేదు, అద్దమే కదా. అగరుబత్తి వెలిగించబోతే మాత్రం ఆపాను, ఆ పొగ వాటి ఊపిరికి మంచిది కాదు. పాలు కూడా పోయనివ్వకండి. పాము పాలు తాగదు, దాహంతో అల్లాడుతున్నది ఏదైనా తాగుతుంది, అంతే. గిన్నెలో నీళ్లే ఉండాలి. ఆ గిన్నెను వంటింటి సింకులో కడగొద్దు. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండటం మామూలే, అయిదేళ్ల లోపు పిల్లలకూ 65 దాటిన పెద్దవాళ్లకూ అది సోకితే ప్రమాదం ఎక్కువ. అమ్మాయికి చేతులు కడుక్కునే అలవాటు ఇప్పటికే చేసి ఉంటారు.

ఇంతకీ నా మాట: వచ్చే నెల ఎక్స్‌పోలో కొనకండి. చేగోడి మళ్లీ తినడం మొదలుపెట్టి వరసగా మూడుసార్లు తినాలి, అత్తగారు వచ్చి వెళ్లాలి, తీసుకుంటానన్న మనిషి దొరకాలి. అంటే నవంబరు. అప్పటికి ఇంకా కావాలనిపిస్తే తెచ్చుకోండి, నేను ఆపను. మధ్యలో ఆ కోరికే చల్లారితే ఇన్ని నెలలు ఆగి మంచి పని చేశానని మీరే అనుకుంటారు.

అప్పుడు ఏది తేవాలి అంటే, ఇంకో బాల్ పైతాన్ వద్దనే అంటాను. మీ అమ్మాయికి రెండో పాము ఎందుకు కావాలో ఊహించగలను. చేగోడి పగలంతా డబ్బాలో దాక్కుంటాడు, స్కూలు నుంచి వచ్చి చూస్తే ఖాళీ ట్యాంకు. ఇంకో బాల్ పైతాన్ తెస్తే రెండు ఖాళీ ట్యాంకులు చూడాలి. కార్న్ స్నేక్ అయితే సాయంత్రానికి బయటికొచ్చి కొమ్మల మీద, అద్దం వెంబడి తిరుగుతుంది. తిండి దగ్గర పేచీ పెట్టదు. మా మిరపకాయ్ ఇన్నేళ్లలో వద్దన్నది కుబుసం విడిచే వారాల్లోనే. ఎలుకలు కాదు, చిట్టెలుకలు చాలు. కాకపోతే చేతిలో నిలవదు, నీళ్లలా జారిపోతుంది. ట్యాంకు మూతకు రెండు క్లిప్పులుంటే మూడోది కూడా పెట్టండి. కింగ్ స్నేకులు కూడా అందంగా ఉంటాయి, అవి పాములనే తింటాయి, చేగోడి ఉన్న ఇంట్లో నాకైతే నిద్ర పట్టదు.

మీకు ఎలాగైనా పైతానే కావాలంటే రెప్టైల్ రెస్క్యూలను అడగండి. జనం ముచ్చటపడి కొని మూడేళ్లకు విసిగి వదిలేసిన బాల్ పైతాన్లు అక్కడ చాలా ఉంటాయి. ఎదిగిన పాము, ఏం తింటుందో, దాని స్వభావమేమిటో ముందే తెలుస్తుంది. ఎక్స్‌పో బల్లల మీద ‘స్పైడర్’, ‘బంబుల్‌బీ’ అని రాసి ఉన్న పసుపు రంగు బాల్ పైతాన్ పిల్లలు కనిపిస్తాయి, చాలా ముద్దొస్తాయి. వాటి జన్యువులోనే లోపం ఉంది, లోపలి చెవి సరిగా తయారవదు. తల ఊగుతూ ఉంటుంది, కొన్ని ఎలుకను కూడా సూటిగా పట్టుకోలేవు. ఏడాదంతా అమ్మాయి ఆ తల ఊగడం చూస్తూ కూర్చోవాలి. వద్దు.

ఎక్స్‌పోకి మాత్రం అమ్మాయిని తీసుకెళ్లండి. ఒక నోటుబుక్కు ఇచ్చి, ఏ పాము సాయంత్రం తిరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో అమ్మేవాళ్లను అడిగి రాసుకోమనండి. ఇంటికి రాగానే ఇద్దరూ బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని, ఆ తర్వాతే చేగోడి గదిలోకి వెళ్లాలి. నేను చెప్పిన గసగసాలు చొక్కా అంచు పట్టుకుని కూడా రాగలవు.

ఇక ఈ వారం చేగోడికి ఒకసారి ఇలా పెట్టి చూడండి. ఎలుకను ముందు రోజు రాత్రి వేరే డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో ఉంచితే తెల్లారేసరికి మంచు వదులుతుంది. సాయంత్రం చీకటి పడ్డాక జిప్ కవరులో వేసి, కుళాయిలో వచ్చే వేడి నీళ్లలో పావుగంట ముంచండి. మైక్రోవేవ్ జోలికి పోవద్దు. తల భాగం చేతికి బాగా వెచ్చగా, నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉండాలి. చల్లటి ఎలుకను వాడు ఎలుకగానే గుర్తించడు. గదిలో లైట్లు తీసేసి, పట్టకారుతో తోక దగ్గర పట్టుకుని డబ్బా గుమ్మం దగ్గర మెల్లగా కదిలించండి. అమ్మాయి ఉండొచ్చు, మాట్లాడకూడదు. తీసుకోకపోతే గుమ్మం దగ్గరే వదిలి తలుపు వేసి రండి, పొద్దున్నే అలాగే ఉంటే పారేసి మళ్లీ రెండు వారాల దాకా పెట్టకండి. రోజూ పెట్టి విసిగిస్తే ఇంకా మొండికేస్తాడు. తింటే మాత్రం వెంటనే తీసి ముద్దు చేయకండి, రెండు రోజులు వాణ్ని అలా వదిలేయండి.